మూడో చెట్టు

బాపట్లలో మా ఇంట్లో పదునైన మూలంటూ లేదు. ఉన్నవాటన్నిటికీ నేను స్పాంజి అంటించాను. టీపాయ్‌కి, మంచానికి, కుట్టుమిషన్ బల్లకి, చివరికి మా ఆయన పుస్తకాల అలమరకి కూడా. మా అత్తయ్య వచ్చినప్పుడల్లా ఇల్లంతా కలయజూసి, "పిల్ల కోసం కాదమ్మాయ్, నువ్వే గుద్దుకుంటావని కట్టుకున్నట్టుంది" అంటుంది. అననీ. నాలుగున్నరేళ్ళ షారోన్ పడుకున్నాక, ఫ్యాను చప్పుడులో దాని ఊపిరి వినబడుతోందో లేదో రెండుసార్లు వెళ్ళి చూసివచ్చి, ఆ తర్వాతే నేను కాగితం ముందు కూర్చోగలను. ఇప్పుడూ అలాగే కూర్చున్నాను.

దీనికంతటికీ మూలం బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ. విదేశాల నుంచి బ్యాలే బృందం వస్తోందట. రెండు సాయంత్రాలు పాతకాలపు సంప్రదాయ నృత్యాలు, మధ్యలో ఒక సాయంత్రం ఈ కాలపువి. ఫ్లెక్సీ మీద గాల్లోకి ఎగిరిన ఒక అమ్మాయి బొమ్మ ఉంది కానీ వెతుక్కోవాలి. ఆమె చుట్టూ చేతులు జోడించిన పెద్దమనుషుల తలకాయలు గుమ్మడికాయలంత వేశారు. వాటి మధ్య నుంచి తప్పించుకుని పారిపోతున్నట్టుంది పాపం. మొన్న సాయంత్రం స్కూలు దగ్గర షారోన్ వాళ్ళ స్వాతి టీచరు నన్ను పక్కకి పిలిచింది. "మేడం, బ్యాలే వాళ్ళు చివరి రోజుకి మన చిన్నపిల్లల్ని కొంతమందిని అడిగారండి. స్టేజీ మీద పువ్వుల్లాగా నిలబడితే చాలంట. మీ షారోన్ కదలకుండా బాగా నిలబడుద్ది. ఏమంటారు?"

"చూసి చెప్తానండీ" అన్నాను. ఈ మాటకి మా వైపు ఒకటే అర్థం. టీచరుకీ అది తెలుసు. ఇంటికి నడిచేలోపు నా తలలో ఆ స్టేజీ మీద వైర్లు కాలికి తగిలాయి, దీపం అంటుకుంది, తెర కట్టిన కర్ర ఊడిపడింది, ఎవరో తెలియనివాడు పిల్లని ఎత్తుకున్నాడు. పిల్ల మాత్రం మునివేళ్ళ మీద నడుస్తూ నా ముందు వెళ్తోంది. పిల్లలు అలా నడిస్తే పిక్కలు పట్టేస్తాయా అని ఫోనులో వెతికాను. పట్టేస్తాయని కొందరు, పట్టవని కొందరు రాశారు. నేను మొదటివాళ్ళనే నమ్మాను.

నిజానికి ఈ వ్యవహారం నాకు కొత్త కాదు. నేనూ ఒకప్పుడు అలాంటి బృందంతో కలిసి నిలబడాల్సినదాన్నే. అప్పుడు నేను పువ్వుని కాదు, చెట్టుని.

రేపల్లెలో మా ఇల్లు స్టేషనుకీ రైసు మిల్లుకీ మధ్య ఉండేది. మిల్లు నుంచి వచ్చే తవుడు వాసన, ఊక పొగ మా అన్నంలోనూ పక్కబట్టల్లోనూ కలిసిపోయి ఉండేవి. ఊరు దాటి వెళ్తేనే అదొక వాసన అని తెలిసేది. అమ్మా నాన్నా ఉద్యోగాలకని చీకటితో బండెక్కి వెళ్ళి దీపాలు పెట్టాక వచ్చేవాళ్ళు. నన్ను పెంచింది నాయనమ్మ, ఊళ్ళో అందరికీ సుగుణమ్మ పంతులమ్మ. మిషన్ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనా ఆమె బొడ్లో సుద్దముక్క రిటైరవలేదు. ఇంట్లో ప్రతిదానికీ సుద్దతో గీసిన చోటుండేది. బియ్యపు డబ్బా చోటు, నీళ్ళ కూజా చోటు, చెప్పుల చోటు. వరండాలో ఒక గుండ్రం గీసి, "ఇది నీ చోటు. చదువయ్యేదాకా ఇందులోంచి లేవకు" అనేది. శనివారం వస్తే ఇల్లంతా గంజి వాసన. వార్చిన గంజిని పల్చగా వడగట్టి, నీలిమందు కలిపి, తెల్లచీరలు అందులో ముంచి ఆరేసేది. ఆదివారం ఆ చీర కట్టుకుని చర్చికి నడుస్తుంటే అడుగడుక్కీ కాగితం మడతపెట్టినట్టు చప్పుడయ్యేది. మా పేటలో ఆడవాళ్ళందరూ అంతే. అంతమంది ఒకేసారి మోకాళ్ళూనితే గోనెసంచి నిండా అప్పడాలు విరిగినట్టుండేది.

పక్కింటి లలితకి కూచిపూడి నేర్పడానికి తెనాలి నుంచి మాస్టారు వచ్చేవారు. మా దొడ్లో బక్కెట్టు బోర్లించి ఎక్కితే గోడ మీదుగా అంతా కనబడేది. లలిత అడుగు వేస్తే నా అడుగు బక్కెట్టు మీద పడేది. ఆ చప్పుడు వీధిలో పోతున్న దేవదానంగారి చెవిన పడింది. ఆయన మా సంఘ పెద్ద. ఆ సాయంత్రమే వచ్చి కూర్చున్నాడు. "వందనాలు పంతులమ్మగారూ. మన పిల్ల గోడెక్కి విగ్రహాల డాన్సు చూస్తందండీ. మీ ఇంట్లోనే ఇట్టా జరిగితే ఇక మేం ఎవరికి చెప్పాల?" అన్నాడు. తర్వాత నా ఆత్మ కోసం ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన ముగిసేసరికి టీ మీద మీగడ కట్టింది. దాన్ని వేలితో పక్కకి తీసి మొత్తం తాగి వెళ్ళాడు. బక్కెట్టు ఇంట్లోకొచ్చి, దానికో సుద్దగీత వెలిసింది.

అలాంటి దేవదానంగారు ఒక ఆదివారం ఆరాధన ముగిశాక లేచి నిలబడి, తెనాలికి బ్యాలే బృందం వస్తోందని, సంఘమంతా వెళ్ళాలని ప్రకటించాడు. "తెల్లవాళ్ళు వస్తన్నారు. మనకి బైబిలు తెచ్చిన దొరల పిల్లలు వాళ్ళు. మనం పోకపోతే ఎవరు పోతారు?" అన్నాడు. అది ఏ దేశమో కరపత్రంలో ఉంది. దొరలు వచ్చింది ఆ దేశం నుంచి కాదు. దొరల కాలంలో మా ఊరికీ ఆ దేశానికీ ఉత్తరం ముక్క కూడా నడిచి ఉండదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మా పక్కన కూర్చున్న మార్తమ్మక్క మాత్రం, "అయ్యా, బ్యాలే అంటే ఏంటండీ?" అని అడిగింది.

"అదా? భక్తి నృత్యం. మాటలుండవు. మౌన ప్రార్థన లాంటిది అనుకో" అన్నాడు ఆయన, చిన్నప్పటి నుంచీ అందులోనే పుట్టి పెరిగినవాడిలా. గజ్జె కడితే పాపం. అదే కాలు తెల్లగా ఉండి గజ్జె లేకపోతే పుణ్యం. ఇంత పెద్ద వేదాంతాన్ని ఒక్కరూ ప్రశ్నించలేదు. నేనైతే ప్రశ్నించే స్థితిలో లేను. తెనాలి కళా సమితి వాళ్ళు పదిమంది పిల్లలు కావాలని అడిగితే దేవదానంగారు మా చర్చి క్రిస్మస్ నాటకంలో దేవదూతలుగా వేసిన పదిమందినీ రాసిచ్చాడు. అందులో నేనూ ఉన్నాను.

రిహార్సల్సుకి నాయనమ్మే పాసింజరు బండిలో తీసుకెళ్ళేది. ఇడ్లీలు, కారప్పొడి, మంచినీళ్ళ సీసా, సుద్దముక్క. మాకు నేర్పిన పెద్దామె పొడుగ్గా, ఎండిన కంది కట్టెలా ఉండేది. కర్రతో నేల మీద తాళం కొడుతుంది కనుక మేము ఆమెకి కర్రమేడం అని పేరు పెట్టుకున్నాం. కథ సులువు. చలికాలం పోయి తోట చిగురిస్తుంది. మేము పదిమందిమీ మోడువారిన చిన్న చెట్లం. వసంతంలాంటి అమ్మాయి మా మధ్య నుంచి తిరుగుతూ వచ్చి ఒక్కొక్కరి తల మీదా పూలచక్రం పెడుతుంది. పెట్టగానే మేము చేతులు కొమ్మల్లా పైకి లేపాలి. అంతవరకూ కదలకూడదు. కర్రమేడం నేల మీద పట్టీ అంటించి ఎవరి చోటు వాళ్ళకి చూపింది. ఎడమ నుంచి మూడోది నాది. చోటు చూపించి అందులోంచి కదలొద్దనే మనిషిని చూడగానే నాయనమ్మకి ఆమె మీద గురి కుదిరింది. "ఈవిడ బడిపంతులే" అని తేల్చేసింది.

ఆమె మాటని తెలుగులో చెప్పడానికి కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు ఒకావిడ ఉండేది. మొదటి రోజు కర్రమేడం నా భుజం నొక్కి ఏదో అంది. లెక్చరరుగారు నవ్వు ఆపుకుంటూ, "నువ్వు చెట్టువంట. చెట్టు వాళ్ళ నాయనమ్మ ఎక్కడ కూర్చుందా అని వెతకదంట" అని చెప్పింది. నాలుగో రోజో ఐదో రోజో మళ్ళీ నా దగ్గర ఆగింది. "మూడో చెట్టు నిజంగా చెట్టులా ఉందంటున్నారమ్మా." అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ అలా మెచ్చుకోలేదు. ఇంటికొచ్చి వరండాలో నా గుండ్రంలో నిలబడేదాన్ని. నాయనమ్మ కుండ కింది చుట్టకుదురు తెచ్చి నా తల మీద పెట్టేది. నేను కొమ్మలు లేపేదాన్ని. "మోచేతులు వంగాయి. ఇంకోసారి" అనేది. డాన్సులో ఆమెకి ఓనమాలు తెలియవు. తప్పు దిద్దడానికి ఆమెకి అదెప్పుడూ అడ్డం కాలేదు.

మొదటి సాయంత్రం సంప్రదాయ నృత్యం. మా సంఘం గంజిపెట్టిన తెల్లబట్టల్లో రెండు వరుసలు నింపేసింది. కొందరు బైబిళ్ళు కూడా తెచ్చుకున్నారు. కళా సమితి కార్యదర్శిగారు జ్యోతి వెలిగించి, కళల గురించి, తెనాలి గురించి, తెనాలి కళల గురించి, కళలకి తను చేసిన సేవ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. తెర వెనక ఆ బృందంవాళ్ళు కాళ్ళు చల్లబడకుండా గెంతుతున్న చప్పుడు మాకు వినబడుతోంది. ఆయనకి వినబడలేదు. చివరికి తెర లేచింది. సంగీతం మొదలైంది. ఒంటికి అతుక్కున్న తెల్ల మేజోళ్ళలాంటి బట్టల్లో నలుగురు కుర్రాళ్ళు ఎగురుకుంటూ వచ్చారు.

"అయ్యో, ప్యాంట్లు మర్చిపోయొచ్చారా ఏంటి?" అంది మార్తమ్మక్క.

"మర్చిపోలా వదినా, వేసుకున్నారు. వేసుకున్నా అట్టాగే ఉంది" అంది వెనకావిడ.

"ఇదేం మౌన ప్రార్థనే తల్లీ!"

"తలలు వంచుకోండమ్మా" అని దేవదానంగారు పళ్ళ బిగువున అన్నాడు. రెండు వరుసల తలలూ వంగాయి. కళ్ళు మాత్రం వంగలేదు. లేచి వెళ్ళిపోతాడేమో, అందరినీ తీసుకుపోతాడేమో అని నేను ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. కానీ ఆయన లేవలేడు. విరామంలో ఆయనకి శాలువా కప్పుతారని కార్యదర్శి ముందే చెప్పి ఉన్నాడు. అందుకని కుర్రాళ్ళు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని, ఆడపిల్లలు వచ్చినప్పుడు తెరుచుకుంటూ విరామం దాకా ఓర్చుకున్నాడు. స్టేజీ ఎక్కాడు. చెమటతో మెరుస్తున్న ఆ కుర్రాళ్ళలో ఒకడి చేత శాలువా కప్పించుకున్నాడు. "కళ దేవుడిచ్చిన వరం" అన్నాడు మైకులో. చప్పట్లు కొట్టించుకుని దిగాడు.

అదే శాలువా కప్పుకుని, తిరుగు బండిలో పెట్టె మధ్యలో నిలబడి, ఆ స్టేజీ, పాపానికి దేవుడు తగలబెట్టిన సొదొమ గొమొర్రాలాంటిదన్నాడు. "రేపట్నుంచి మన పిల్లలెవరూ అది ఎక్కటానికి వీల్లేదు."

"పిల్లలకి నిండా బట్టలే ఇచ్చారు గదండీ" అంది నాయనమ్మ. "మెడ కాణ్ణించి మడమల దాకా ఆకుపచ్చ గౌను."

"పిల్లల సంగతి కాదండీ. వాళ్ళ పక్కన నిలబడేదెవరు?"

"మీకు శాలువా కప్పిన అబ్బాయేనండీ."

పెట్టెలో ఎవరో కిసుక్కుమని వెంటనే దగ్గారు. దేవదానంగారి మొహం బిగిసింది. "పంతులమ్మగారూ, మీరు చదువుకున్నోళ్ళు. సంఘంలో ఎవరున్నట్టు, ఎవరు లేనట్టు అనేది మాట్లాడుకునే పరిస్థితి తెచ్చుకోకండి" అన్నాడు. నాయనమ్మ నోరు అక్కడితో మూతపడింది. చర్చి స్థలంలో తాతయ్య సమాధి పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. ఆదివారం ఆరాధనయ్యాక ఆమె అక్కడికి వెళ్ళి గడ్డి పీకి శుభ్రం చేసుకునేది. ఆ చోటు ఇచ్చేదీ, కుదరదనేదీ సంఘ పెద్దలే. శాలువా మడతలు సర్దుకుంటూ, ఒక్క మాటలో, ఆయన దాన్ని ఆమెకి గుర్తుచేశాడు.

నేను తెల్లవారేదాకా ఏడ్చాను. పొద్దున నాయనమ్మ నా జడ గట్టిగా లాగి అల్లుతూ, "ఎక్కొద్దన్నాడు. చూడొద్దనలేదుగా" అంది. సాయంత్రం మేమిద్దరమే తెనాలి బండెక్కాం.

రెండో సాయంత్రం ఈ కాలపు నృత్యాలు. హాలు సగం ఖాళీ. మెరుపు బట్టలూ తెల్ల గౌన్లూ లేవు. మామూలు చొక్కాలు, ఒట్టి పాదాలు. ఒకమ్మాయి నిలబడి నిలబడి ఉన్నట్టుండి పడిపోయింది. లేచింది. మళ్ళీ ఇంకోలా పడింది. పక్కకి, వెనక్కి, మోకాళ్ళ మీదికి, భుజం మీదికి. పడుతూనే ఉంది. మా వెనక కూర్చున్న పెద్దమనుషులు, ముందురోజు ఆహా ఓహో అన్నవాళ్ళే, "ఇదేం డాన్సండీ, నేల మీద పొర్లటం. ఇది మా బర్రెగొడ్డు కూడా చేస్తది" అని నవ్వుకుంటూ లేచి వెళ్ళారు. అర్థం కానిదాన్ని చూసి సిగ్గుపడాల్సింది పోయి నవ్వడం మా ప్రాంతపు చదువుకున్నవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. నాయనమ్మ మాత్రం సంచీ ఒళ్ళో బిగించి పట్టుకుని, ఆ అమ్మాయి పడ్డప్పుడల్లా తన దవడ బిగిస్తూ చూసింది. చాలాసేపటికి నా చెవిలో, "దెబ్బ తగలట్లేదే చిట్టీ. పడటం కూడా నేర్పారు వీళ్ళకి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను నిలబడటమే నేర్పా" అంది.

మూడో సాయంత్రం తోట. ఆ రోజూ మేమిద్దరమే వెళ్ళి కూర్చున్నాం. మేము స్టేజీ ఎక్కడం లేదని తెలిసి, కార్యదర్శిగారు తన బావమరిది పిల్లల్నీ వాళ్ళ స్నేహితుల్నీ పోగేసి పట్టుకొచ్చాడట. "నిలబడటమేగా, ఎవరైతే ఏంటి?" అన్నాడట. నేర్చుకోని పిల్లల్ని నిలబెట్టనని కర్రమేడం కర్రతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టిందని లెక్చరరుగారు తర్వాత చెప్పింది. మరి ఏం చేస్తారో మాకు తెలియదు. మా తోట భాగం మొత్తం తీసేస్తారనుకున్నాను. తీసేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

తీసేయలేదు. తెర లేచేసరికి స్టేజీ మీద పదిచోట్ల పట్టీలు అలాగే ఉన్నాయి. వసంతంలాంటి అమ్మాయి పూలచక్రాలు చేతికి తొడుక్కుని వచ్చింది. మొదటి పట్టీ చుట్టూ, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టే, పావడా తగలకుండా ఒదిగి తిరిగింది. వంగింది. గాలిలో పూలచక్రం పెట్టింది. అది జారి నేల మీద పడి గుండ్రంగా దొర్లి ఆగింది. రెండో చోటు. తర్వాత నా చోటు. నా తల ఎంత ఎత్తులో ఉంటుందో ఆమె మర్చిపోలేదు. పక్క పిల్ల కన్నా నేను పొట్టి. ఆమె ఇంకొంచెం ఎక్కువ వంగి, సరిగ్గా అక్కడ చేయి ఆపి, వదిలింది. కుర్చీలో నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. వెనకాయన "పాపా, చేతులు దించు, కనపట్లా" అన్నాడు. నాయనమ్మ వెనక్కి తిరిగి, "దించదండీ" అంది. బళ్ళో మాట్లాడే గొంతుతో అంది. ఆయన పక్క కుర్చీలోకి జరిగాడు. పదో చక్రం పడేదాకా నేను దించలేదు.

ముగింపు సభలో కార్యదర్శిగారు, ఆ ఖాళీ చోట్లు గొప్ప ప్రతీక అని చెప్పాడు. లేని చెట్లని మన కళ్ళకి కట్టించిన ప్రతిభట. హాలంతా చప్పట్లు. నాయనమ్మ బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, "పదిమంది పిల్లల్ని లేకుండా చేస్తే, అది కూడా గొప్పే అంటన్నాడు ఈ మహానుభావుడు" అంది. రెండు స్టేషన్లు దాటాక మళ్ళీ, "నీ చోట ఎవర్నీ నిలబెట్టలేదు, చూశావా? అదీ మర్యాదంటే" అంది. నేను చూశాను. చూడకపోయినా బాగుండేదేమో అని ఇన్నేళ్ళూ అనిపిస్తూనే ఉంది.

నాయనమ్మ ఇప్పుడు తాతయ్య పక్కనే ఉంది. ఆమె చోటు ఆమెకి దక్కింది. దానికి బదులుగా ఏం పోయిందో మా ఇద్దరికే తెలుసు. ఈ మధ్య నేను రేపల్లె వెళ్ళినప్పుడు దేవదానంగారు కనబడ్డాడు. చర్చి వార్షికోత్సవంలో ఆయన మనవరాలు సినిమా పాటకి నడుము తిప్పుతోంది. ఆయన ముందు వరుసలో కూర్చుని ఫోనులో తీసుకుంటున్నాడు. సొదొమ గురించి ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఎవరూ దేన్నీ కాదనరు. స్కూలు వార్షికోత్సవాల్లో పాలపళ్ళు ఊడని పిల్లల చేత ఏ పాటకి ఏమి తిప్పించినా తల్లులందరూ లేచి నిలబడి వీడియోలు తీస్తారు. ఒక పిల్ల ఐదు నిమిషాలు కదలకుండా చెట్టులా నిలబడితే మాత్రం అందులో ఏముందని అడుగుతారు. ఈ జనాన్ని చూసి పెదవి విరిచే హక్కు నాకుందని చాలాకాలం అనుకున్నాను. కానీ మొన్న స్కూలు గేటు దగ్గర "చూసి చెప్తానండీ" అన్నది దేవదానంగారు కాదు. ఆయనకి కనీసం నరకం భయం ఉంది. నాకు టీపాయ్ మూలంటే భయం. ఆయన ఒకసారి కాదన్నాడు, శాలువా కప్పుకుని. నేను రోజుకి పదిసార్లు కాదంటున్నాను, స్పాంజి పట్టుకుని.

నిన్న మధ్యాహ్నం షారోన్ ఎక్కణ్ణించో సుద్దముక్క సంపాదించి హాల్లో నేల మీద వంకరటింకరగా ఒక గుండ్రం గీసుకుంది. దానికెవరూ నేర్పలేదు. అందులో నిలబడి చేతులు పైకెత్తి, "అమ్మా, నా గుండ్రంలోకి రాకు. ఇది నా చోటు" అంది. దాని మోచేతులు వంగి ఉన్నాయి. నేను దిద్దలేదు. వంటింట్లోకి వెళ్ళి కాసేపు పంపు విప్పి నిలబడ్డాను.

ఈ పొద్దున స్వాతి టీచరు గేటు దగ్గరే ఆపింది. "మేడం, ఏమనుకున్నారండీ? ఇబ్బందైతే చెప్పండి, ఆ చోట ఇంకో పాపని పెట్టేస్తాం. చాలామంది అడుగుతున్నారు."

"వద్దండీ" అన్నాను. "మా అమ్మాయి చోట మా అమ్మాయే నిలబడుద్ది."

ఆ వెంటనే, స్టేజీ అంచు ఎంత దూరమండీ, వైర్లు ఎటు పక్క ఉంటాయండీ, మెట్లకి రెయిలింగు ఉందాండీ అని అడగడం మొదలుపెట్టాను. టీచరు నవ్వుతూ వింది. ఇంటికొచ్చి స్పాంజీలన్నీ పీకేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. పీకలేదు. టీపాయ్‌ని మాత్రం ఆ గుండ్రానికి దూరంగా గోడవారకి జరిపాను. నేల తుడిచే లక్ష్మికి, అక్కడ తడిబట్ట పెట్టొద్దని చెప్పాను.